ఆడపడుచు కేసు ఫైలు చూసి చెప్పమంటోంది, ఆఫీసులో అందరూ తిడుతున్నారు, ఉద్యోగం మానేయనా?

ప్రశ్న: నేను అమెరికాలో ప్రభుత్వ చైల్డ్ సపోర్ట్ ఆఫీసులో కేస్‌వర్కర్‌ని. విడిపోయిన తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి పిల్లల పోషణకు డబ్బు వసూలు చేసి రెండోవాళ్లకు అందేలా చూడటం నా పని. తండ్రులు రక్తం తాగుతున్నావంటారు, తల్లులు ఏమీ చేయట్లేదంటారు. ఈ మధ్య ఉద్యోగం పోయిన ఒకాయన ఫోన్లోనే ఏడ్చేశాడు, అప్పటి నుంచి సరిగా నిద్ర లేదు. మా వారు ఇంటికి ఆలస్యంగా వస్తే ఏవేవో అనుమానాలు వస్తున్నాయి. ఇది చాలదన్నట్టు, భర్త నుంచి విడిపోయిన మా ఆడపడుచు "వదినా, ఆయన కొత్త ఉద్యోగం ఎక్కడో ఒక్కసారి సిస్టమ్‌లో చూసి చెప్పు" అంటోంది. కుదరదంటే అత్తయ్యగారు ఇండియా నుంచి ఫోన్ చేసి "ఇంటి ఆడపిల్లకు అక్కరకు రాని ఉద్యోగం దేనికి" అన్నారు. మా వారు ఏమీ మాట్లాడరు. మానేయమంటారా?

జవాబు: ముందు మీ ఆడపడుచు సంగతి చూద్దాం, మిగతావి నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు కానీ ఇది ఆగకూడదు. ఆ ఫైలు తెరవకండి. ఒక్కసారి కూడా, ఆమె పిల్లల ముఖం చూసి కూడా వద్దు. మీ సిస్టమ్‌లో ఎవరు ఏ రికార్డు చూశారో నమోదవుతుందని మీకు తెలుసు. అందులో ఆదాయపు పన్ను శాఖ నుంచి వచ్చిన సమాచారం ఉంటే, పనితో సంబంధం లేకుండా దాన్ని చూడటమే నేరమని 1997లో అమెరికా చట్టం చేసింది, ఎవరికీ చెప్పకుండా ఊరికే చూసినా సరే. ఉద్యోగం పోవడంతో ఆగే వ్యవహారం కాదిది.

అసలు కారణం ఇంకొకటుంది. కొన్ని కేసుల్లో గృహహింస గుర్తు పెట్టి ఉంటారు కదా, అది ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక అడ్రస్ బయటికి పొక్కితే ఒక మనిషి ప్రాణం మీదికి రావచ్చు. మీ ఆడపడుచు అలాంటిది కాదు, నిజమే. కానీ "అడిగేది మనవాళ్లే కదా" అని ఒకరికి తెరిచిన తలుపు రేపు ఇంకొకరికి ఎలా మూస్తారు?

కాబట్టి ఇవాళే మీ సూపర్‌వైజర్‌కు రెండు వాక్యాల మెయిల్ పంపండి. నా భర్త చెల్లెలికి కేసు ఉంది లేదా రావచ్చు, దానికి నన్ను దూరంగా ఉంచండి, అంతే. నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. రేపు ఆమె మాజీ భర్త "మా కేసులో వదినగారి చెయ్యి ఉంది" అని ఫిర్యాదు చేస్తే మిమ్మల్ని కాపాడేది ఆ మెయిలే.

ఇక ఆమెకు చెప్పాల్సింది ఒకటుంది, ఇది మీరు బాగా చెప్పగలరు. తను స్వయంగా చైల్డ్ సపోర్ట్ కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు, దానికి ప్రభుత్వ సాయం తీసుకుంటూ ఉండాల్సిన పనిలేదు. కొత్తగా ఎవరిని ఉద్యోగంలో పెట్టుకున్నా యజమాని 20 రోజుల్లోపు రాష్ట్రానికి తెలియజేయాలి. అంటే ఆమె మీ ద్వారా దొంగచాటుగా తెలుసుకోవాలనుకుంటున్న విషయాన్ని ఆమె కేసు చూసే ఉద్యోగే చట్టప్రకారం కనుక్కుని, నెలకింత కట్టాలనే ఆర్డర్ ఉంటే జీతంలో కోతకు నేరుగా ఆ కంపెనీకి నోటీసు పంపుతారు. ప్రభుత్వ సాయం ఎప్పుడూ తీసుకోని కుటుంబమైతే, ఏడాదిలో 550 డాలర్లు వసూలయ్యాక 35 డాలర్ల ఫీజు ఉంటుంది, కొన్ని రాష్ట్రాలు దాన్నీ తామే భరిస్తాయి. మనవాళ్లు చాలామంది ఆఫీసు గడప తొక్కడం పరువు తక్కువనుకుని నెలలు నెలలు గడిపేస్తారు, ఆలోపు పిల్లల ఖర్చంతా తల్లి నెత్తినే పడుతుంది. ఆ జంకు పోగొట్టండి. అపాయింట్‌మెంట్ రోజు పిల్లల్ని మీ ఇంట్లో ఉంచుకోండి. వదినగా మీరు చేయగల సాయం ఇది, ఇది చిన్న సాయమేం కాదు.

అత్తయ్యగారితో మీరు వాదించొద్దు. అది మీ ఆయన చేయాల్సిన పని. ఆవిడ ఆయన తల్లి, ఈమె ఆయన చెల్లెలు, మధ్యలో మీరొక్కరే చెడ్డవాళ్లవుతుంటే ఆయన మౌనంగా ఉండటం నాకు నచ్చలేదు, ఆ మాట ఆయనకు కూడా చెప్పండి. "అమ్మా, తను చూస్తే జైలుకెళ్లే పరిస్థితి రావచ్చు, ఇంకెప్పుడూ అడగొద్దు, చెల్లి దరఖాస్తు సంగతి నేను చూసుకుంటాను." ఈ ముక్క కొడుకు నోటినుంచి వస్తే ఆవిడ వింటారు. మీరు చెబితే ఎంత మర్యాదగా చెప్పినా కోడలి ఎదురుమాటే అవుతుంది.

ఇప్పుడు ఏడ్చిన ఆ తండ్రి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆయనే. ఫోన్ పెట్టేశాక మీరు పడే బాధ ఆయనకు ఏ విధంగానూ పనికిరాదు, ఫోన్లో ఉండగా మీరు చెప్పే ఒక్క మాట ఆయన్ని నిలబెట్టగలదు: "ఆర్డర్ మార్చమని ఈ రోజే దరఖాస్తు పెట్టండి." 1986లో వచ్చిన ఫెడరల్ నిబంధన ప్రకారం గడువు దాటిన ప్రతి వాయిదా కోర్టు తీర్పుతో సమానమైన బాకీ. తర్వాత జడ్జికి జాలేసినా వెనక్కి వెళ్లి తగ్గించలేరు, మార్పు కోరిన పిటిషన్ నోటీసు అవతలివాళ్లకు అందిన తేదీ నుంచి మాత్రమే తగ్గించే వీలుంది. ఈ సంగతి తెలియక, ఉద్యోగం పోతే కట్టడం కూడా దానంతటదే ఆగుతుందని, లేదా "మేమిద్దరం మాట్లాడుకున్నాం" అంటే సరిపోతుందని అనుకునేవాళ్లు ఎంతమందో. నెలకు 600 డాలర్ల ఆర్డర్ ఉన్న మనిషి అయిదు నెలలు అలా ఊరుకుంటే 3,000 బాకీ పడుతుంది. బాకీ 2,500 దాటితే పాస్‌పోర్ట్ ఆగిపోవచ్చు. డ్రైవింగ్ లైసెన్స్ కూడా పోతే కొత్త ఉద్యోగానికి వెళ్లేదెలా? మూడేళ్లకోసారి ఆర్డర్‌ను సమీక్షించమని ఇద్దరిలో ఎవరైనా అడగొచ్చని, పరిస్థితి బాగా మారితే అంతకాలం ఆగక్కర్లేదని మీకు కంఠతా వచ్చు. ఆయనకు రాదు. గొంతులో భయం వినిపించిన ప్రతి కాల్‌లోనూ మిగతా లెక్కల కంటే ముందు ఈ మాట చెప్పండి. జైల్లో ఉన్నవాళ్ల విషయంలోనూ అంతే, 180 రోజులకు మించి లోపల ఉంటారని తెలిస్తే మీ ఆఫీసే సమీక్ష మొదలుపెట్టాలి, లేదా ఆ హక్కుందని తల్లిదండ్రులిద్దరికీ చెప్పాలి. ఆ ఉత్తరం పంపడం ఆలస్యం చేయకండి, దాన్ని పంపడం కూడా జాలే.

తల్లుల అరుపుల్ని కూడా ఇదే చెవితో వినండి. అద్దె కట్టే తేదీ దగ్గరపడుతుంటే డబ్బు రాని మనిషి అరవక ఏం చేస్తుంది? ప్రభుత్వ నగదు సాయం తీసుకునే తల్లి తన చైల్డ్ సపోర్ట్ హక్కును రాష్ట్రానికి రాసివ్వాల్సి వస్తుంది, అందుకే తండ్రి కట్టిన డబ్బంతా ఆమె చేతికి రాకపోవచ్చు. ఇది ఆమెకు ఎవరూ అర్థమయ్యేలా చెప్పి ఉండరు. మీరు చెప్పండి, అరుపు కొంత తగ్గుతుంది. ఇంకొందరు తండ్రులు "పిల్లల్ని చూడనివ్వట్లేదు, నేనెందుకు కట్టాలి" అంటారు. ఆ బాధ నిజమే అయినా ఆ రెండూ వేర్వేరు ఆర్డర్లని, ఒకదాన్ని రెండోదానికి తాకట్టు పెట్టలేరని ఆయనకు మెల్లగా చెప్పాల్సిందే.

చాలా రాష్ట్రాల్లో మీ ఆఫీసు లాయర్ తల్లి తరఫునా కాదు, తండ్రి తరఫునా కాదు, రాష్ట్రం తరఫున. కాల్ మొదట్లోనే "నేను మీ ఇద్దరిలో ఎవరి పక్షమూ కాదు, ఆర్డర్ సక్రమంగా నడిచేలా చూడటం నా పని" అనండి. ఇది వాళ్లకెంత అవసరమో మీకూ అంతే అవసరం. వాళ్లిద్దరిలో తప్పెవరిదో తేల్చే బాధ్యత మీది కాదు. మీరు రాత్రుళ్లు పడుకుని చేస్తున్నది ఆ తీర్పేనని నాకనిపిస్తోంది.

మీ వారి మీద అనుమానం గురించి. మీ ఫోన్ మోగేది గొడవ ఉన్న ఇళ్ల నుంచే. వసూలయ్యే డబ్బులో ఎక్కువ భాగం జీతం కోతల ద్వారా చప్పుడు లేకుండా వచ్చేస్తుంది, ఆ తండ్రులు మీకు ఫోన్ చేయరు, అందుకే మీ మనసులో వాళ్లకు చోటు లేదు. ఈ మాట మీ వారితో అనండి: "నా పని వల్ల నీ మీద కూడా అనుమానం వస్తోంది, నీ తప్పు కాదు, నాకు భయంగా ఉంది." ఫోన్ చెక్ చేయడం, ఎక్కడున్నావని గుచ్చి గుచ్చి అడగడం మాత్రం మొదలుపెట్టకండి, మొదలైతే ఆపడం చాలా కష్టం. కేసుల పేర్లు, వివరాలు ఇంట్లో వద్దు కానీ "ఇవాళ నలిగిపోయాను" అని చెప్పుకోవడానికి ఏ నిబంధనా అడ్డు రాదు.

ఉద్యోగం మానడం గురించి ఇప్పుడు నిర్ణయించకండి, నిద్ర లేని మనిషి ఏ పెద్ద నిర్ణయమూ తీసుకోకూడదు. రోజంతా ఫోన్ల మీద ఉండే పని నుంచి పితృత్వ నిర్ధారణకో, వేరే రాష్ట్రాల కేసులకో, లెక్కల విభాగానికో కొన్నాళ్లు మార్చమని అడగండి. ఉద్యోగులకు ఉచిత కౌన్సెలింగ్ మీ ఆఫీసులో ఉందేమో హెచ్ఆర్‌ను కనుక్కోండి, ఉంటే ఈ వారంలోనే ఫోన్ చేయండి. ఇంకో రెండు వారాలు ఇలాగే నిద్ర పట్టకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పని మారినా, నిద్ర కుదుటపడినా, ఆదివారం సాయంత్రానికే గుండె దడ మొదలవుతుంటే అప్పుడు మళ్లీ రాయండి, వేరే ఉద్యోగం సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. సూపర్‌వైజర్‌కు మెయిల్ మాత్రం ఇవాళే వెళ్లాలి.