గంజాయి మందు కన్నా నయమా? మే నెలలో ఉడుకు నీళ్లు పోసుకున్నవాడి జవాబు

మీరు కడప నుంచి అడిగింది ఇది. తమ్ముడికి 20 ఏళ్లు, హాస్టల్లో ఉంటాడు, గంజాయి తాగుతున్నాడని తెలిసింది. నిలదీస్తే, "ఇది చెట్టు నుంచి వచ్చేదే అక్కా, మందు కన్నా నయం, కెనడాలో గవర్నమెంటే పర్మిషన్ ఇచ్చింది" అన్నాడు. ఇది నిజంగా అంత ప్రమాదమా, లేక మేమే ఊరికే భయపడుతున్నామా అని మీ ప్రశ్న.

మీ తమ్ముడు చెప్పినవన్నీ ఒకప్పుడు నేనూ చెప్పాను. వాడి కన్నా బాగానే చెప్పేవాణ్ని. అనంతపురంలో బీటెక్ రెండో ఏడాదిలో మొదలుపెట్టాను. చదువైపోయి కర్నూలుకు వచ్చి ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు పెట్టుకున్నాక కూడా మానలేదు. మొత్తం ఏడేళ్లు, అందులో చివరి నాలుగేళ్లు రోజూ.

హాస్టల్ మిద్దె మీద వాదన వస్తే నా దగ్గర పెద్ద ఆయుధం ఒకటి ఉండేది. 1893లో బ్రిటిష్ వాళ్లు మన దేశంలో గంజాయి, భంగు, చరస్ మీద ఒక కమిషన్ వేశారు. వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, మితంగా వాడితే దాదాపు ఏ హానీ లేదని తేల్చారు. పిచ్చాసుపత్రుల రికార్డుల్లో "గంజాయి వల్ల పిచ్చి" అని రాసినవాటిలో చాలావరకు నమ్మదగినవి కావనీ చెప్పారు. ఇదంతా నిజం, ఇప్పటికీ నిజమే. కానీ అదే నివేదికలో, అతిగా వాడితే ఒంటికీ మనసుకూ చేటు, మతి చెడే అవకాశం కూడా ఉంది అని రాశారు. ఆ ముక్క వచ్చేసరికి నేను టాపిక్ మార్చేసేవాణ్ని.

నా రెండో సాక్షి ఒక తాత. మా అమ్మమ్మవాళ్ల ఊరు ఆదోని వైపు. అక్కడ గుడి అరుగు మీద పొద్దుగూకేసరికి చిలుం ముట్టించేవాడు. ఎనభై దాటినా గట్టిగానే ఉండేవాడు. "ఆయనకేమైంది చెప్పు?" అని అందర్నీ అడిగేవాణ్ని. ఆయన నడివయసులో, సంసారం వదిలాక మొదలుపెట్టాడు, రోజుకు ఒక్కసారి తాగేవాడు. నేను పందొమ్మిదికి మొదలుపెట్టి పొద్దున లేవగానే ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రికి లెక్క లేదు. మా ఇద్దరిదీ ఒకే అలవాటు అనుకోవడం నా తెలివి! ఆ అరుగు మీద ఇంకెవరెవరు కూర్చునేవారో, వాళ్లు ఏమయ్యారో నేనెప్పుడూ అడగలేదు కూడా.

ఇక అసలు సంగతికి వస్తాను. 2017 వేసవి.

ఏప్రిల్ చివర్లో పొద్దున్నే కడుపులో తిప్పడం మొదలైంది. షాపులో ఇంకు వాసన పడటం లేదేమో అనుకున్నా. నాలుగు రోజులకు వాంతులు. ఒకటీ రెండూ కాదు, గంటకు మూడు నాలుగు సార్లు. కడుపులో ఏమీ లేకపోయినా పసరు వచ్చేది. మంచినీళ్లు తాగితే అవీ వచ్చేవి. గ్యాస్ అన్నారు ఒక డాక్టరు. ఇంకొకాయన అల్సర్ అని ఎండోస్కోపీ చేయించారు, అందులో ఏమీ కనబడలేదు. మూడో చోట స్కానింగ్, కామెర్ల పరీక్ష, రెండు రోజులు సెలైన్. వాళ్లను తప్పుపట్టడం లేదు, "ఏమైనా అలవాట్లున్నాయా" అని ప్రతిచోటా అడిగారు. ప్రతిచోటా మా అమ్మ పక్కనే ఉంది. "సిగరెట్ సార్, అప్పుడప్పుడు" అని చెప్పాను.

ఆ రోజుల్లో నాకు హాయినిచ్చింది ఒక్కటే, ఉడుకు నీళ్ల స్నానం. కర్నూలులో మే నెల అంటే మీకు తెలిసే ఉంటుంది, మీ కడపకేమీ తీసిపోదు. ట్యాంకులో నీళ్లే కాలుతుంటాయి. అలాంటి రోజుల్లో నేను బకెట్లో హీటర్ రాడ్డు వేసి, పొగలు కక్కే నీళ్లు ఒంటిమీద పోసుకునేవాణ్ని. పోసుకుంటున్నంతసేపూ వికారం మాయం. తుడుచుకుని బయటికొస్తే పది నిమిషాలకు మళ్లీ మొదలు. రోజుకు ఆరేడుసార్లు, ఒక్కోసారి గంటసేపు. వీపు, కడుపు ఎర్రగా కమిలిపోయాయి. అమ్మ బాత్రూం తలుపు కొట్టి, "ఈ ఎండలో ఉడుకు నీళ్లేందిరా నాయనా, నీకేమైనా పట్టిందా?" అని ఏడ్చేది. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. ఆ మిరపకాయల సంగతి మళ్లీ చెప్తాను.

తమాషా ఏంటంటే, వాంతులు తగ్గుతాయని నేను ఇంకాస్త ఎక్కువ తాగాను. ఎందుకంటే గంజాయి వికారం తగ్గిస్తుందని చదివి ఉన్నా. అదీ అబద్ధం కాదు. గంజాయిలో మత్తునిచ్చేది టీహెచ్‌సీ, దాన్ని మాత్రగా చేసి, క్యాన్సర్ మందుల వల్ల వచ్చే వాంతులకు వాడేందుకు అమెరికా 1985లోనే అనుమతించింది.

నాలుగో డాక్టరు వయసులో చిన్నావిడ. పాత రిపోర్టులన్నీ తిరగేసి, అమ్మను మందులు తెచ్చే నెపంతో బయటికి పంపింది. తర్వాత ఒకే ప్రశ్న. "వేడినీళ్లతో స్నానం చేస్తే తగ్గుతోందా?" నాకు గుండె ఆగినంత పనైంది. ఆ మాట నేను ఏ డాక్టరుకూ చెప్పలేదు. అది కూడా జబ్బులో భాగమని తోస్తే కదా! "గంజాయి ఎన్నేళ్ల నుంచి?" అని రెండో ప్రశ్న.

ఆ జబ్బును తెలుగులో చెప్పాలంటే గంజాయి వాంతుల జబ్బు అనాలి, ఇంగ్లీషులో పొడుగ్గా కెనబినాయిడ్ హైపరెమెసిస్ సిండ్రోమ్. 2004లో దక్షిణ ఆస్ట్రేలియా డాక్టర్లు మొదటిసారి రాశారు. ఏళ్ల తరబడి, తరచుగా వాడేవాళ్లలో కొందరికే వస్తుంది. కొద్దిగా ఉన్నప్పుడు వాంతిని ఆపే పదార్థమే, ఏళ్లపాటు ఎక్కువై ఒంట్లో పేరుకుంటే ఎదురు తిరుగుతుంది. ఎలా తిరుగుతుందో ఇంకా పూర్తిగా తేలలేదు. వేడినీళ్లకు ఎందుకు తగ్గుతుందో డాక్టర్లు ఊహించేది ఇది, మన చర్మంలో వేడిని గుర్తించే గ్రాహకం ఒకటుంది, మిరపకాయలో కారం కూడా దాన్నే తాకుతుంది. అందుకే కొన్ని దేశాల ఆసుపత్రుల్లో ఈ రోగులకు పొట్టమీద మిరపకారం సారమున్న క్రీము రాస్తారు. అమ్మ దిష్టి తీసిన వస్తువు సరైనదే, తిప్పే చోటే తప్పు అని ఇప్పుడు ఇంట్లో నవ్వుకుంటాం. అప్పుడు నవ్వే పరిస్థితి లేదు. కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, నీళ్లు ఇంకిపోయి కిడ్నీల మీద పడుతోంది అన్నారు. మందు ఒక్కటే, పూర్తిగా మానేయడం.

మానేశాను. మొదటి వారం నిద్ర లేదు, నిద్ర పడితే పిచ్చి కలలు. షాపులో కుర్రాడి మీద ఊరికే అరిచేవాణ్ని. అన్నం సయించేది కాదు. రెండు మూడు వారాలకు తేరుకున్నా. "గంజాయి అలవాటు పడదు" అన్న మాట కూడా ఆ వారంతో పోయింది. వాడినవాళ్లలో వందకు 9 మంది దాకా దానికి బానిసలవుతారనేది చాలాకాలంగా చెప్పే అంచనా. టీనేజీలో మొదలుపెట్టినవాళ్లలో అది ఆరుగురిలో ఒకరు. మిగతా అందరూ తప్పించుకుంటారు కదా అని మీ తమ్ముడు అనొచ్చు, అది కూడా న్యాయమైన మాటే. ఇంకో చిక్కు, మనవాళ్లు తాగేది ఎక్కువగా సిగరెట్ పొగాకులో కలిపి. గంజాయి పోయింది గానీ సిగరెట్ వదలడానికి నాకు ఇంకో రెండేళ్లు పట్టింది. ఈ సంగతి మన దగ్గర ఎవరూ చెప్పరు.

ఇప్పుడు నా రూమ్మేట్ గురించి. వాడు నాలాగా రోజంతా తాగేవాడు కాదు. ఫైనల్ ఇయర్లో మెల్లగా మాటలు తగ్గించాడు. మేం నవ్వితే తన గురించే అనుకునేవాడు. ఒక రాత్రి కిటికీకి దుప్పటి కట్టి, "బయట నా పేరు పిలుస్తున్నార్రా, వినబడలేదా?" అన్నాడు. మేమంతా మత్తులో ఉన్నాం, నవ్వాం. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది. ఇంట్లోవాళ్లు ముందు దర్గాకు తీసుకెళ్లారు, ఆరు నెలల తర్వాత సైకియాట్రిస్టు దగ్గరికి. ఇప్పుడు మాత్రలు వేసుకుంటూ చిన్న ఉద్యోగం చేస్తున్నాడు, ఆ చదువు మాత్రం పూర్తి కాలేదు.

అది గంజాయి వల్లే అని నేను ప్రమాణం చేయలేను. వాళ్ల చిన్నాన్నకు అలాంటి జబ్బే ఉందని తర్వాత తెలిసింది. పరిశోధకుల గొడవ కూడా ఇక్కడే. స్వీడన్‌లో సైన్యంలో చేరిన సుమారు 45 వేల మంది కుర్రాళ్లను 15 ఏళ్లు గమనించి 1987లో ఫలితం ప్రకటించారు. 18 ఏళ్లకల్లా 50 సార్లకు మించి గంజాయి తాగినవాళ్లలో స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు 6 రెట్లు ఎక్కువ కనిపించింది. 2019లో యూరప్, బ్రెజిల్ నగరాల్లో చేసిన అధ్యయనంలో రోజూ తాగేవాళ్లకు సైకోసిస్ (లేనివి వినబడటం, లేనిపోని అనుమానాలు) వచ్చే అవకాశం 3 రెట్లు, రోజూ ఘాటైన రకం తాగేవాళ్లకు దాదాపు 5 రెట్లు అని వచ్చింది. అయితే ఆ జబ్బు రాసిపెట్టి ఉన్నవాళ్లే గంజాయి వైపు మొగ్గుతారేమో, వంశంలో ఉన్నదే రెంటికీ కారణమేమో అని అడిగేవాళ్లూ ఉన్నారు. కొంతవరకు అదీ నిజమే అయ్యుండొచ్చు. రెట్లు ఎక్కువైనా, తాగేవాళ్లలో చాలామందికి ఆ జబ్బు రాదు. మా ఐదుగురిలో ముగ్గురు ఇప్పుడు బెంగళూరులో శుభ్రంగా ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్లను అడిగితే "ఏమీ కాదు అక్కా" అనే అంటారు.

తెలివి తగ్గుతుందన్న మాట మీద నాకు అంత నమ్మకం లేదు. న్యూజిలాండ్‌లో సుమారు వెయ్యిమందిని పుట్టినప్పటి నుంచి గమనిస్తూ, టీనేజీ నుంచి విడవకుండా తాగినవాళ్లకు 38 ఏళ్లకు ఐక్యూ సగటున 8 పాయింట్ల దాకా తగ్గిందని 2012లో చెప్పారు. తర్వాత కవలల మీద చూస్తే, తాగిన కవలకూ తాగని కవలకూ పెద్ద తేడా కనబడలేదు. నాకు మాత్రం మూడు సబ్జెక్టులు పోయాయి, అది తెలివి తగ్గి కాదు, పరీక్షకు లేవక.

మందు కన్నా నయమా అంటే, చావుల లెక్కలో నయమే. మద్యం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 26 లక్షల మంది చనిపోతున్నారు. గంజాయి ఒక్కటే ఎక్కువై ఊపిరి ఆగి చనిపోవడం దాదాపు లేదు, ఊపిరిని నడిపే మెదడు భాగంలో దానికి పట్టు తక్కువ. కానీ ఒకసారి రాత్రి గుత్తి దాటాక హైవే మీద బైకు నడుపుతూ, ముందున్న లారీ నిలబడి ఉందో కదులుతోందో తెలియక, ఆఖరి క్షణంలో పక్కకు తిప్పాను. ఆ రాత్రి పోయుంటే నన్ను రోడ్డు ప్రమాదం కింద రాసేవాళ్లు. మీ తమ్ముడు ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోవాలని ఎవరూ పట్టుబట్టడం లేదు కదా.

కెనడా సంగతి. 2018 అక్టోబరులో అనుమతించారు, నిజమే. అక్కడ పాకెట్ మీద టీహెచ్‌సీ ఎంతో ముద్రించాలి, హెచ్చరిక ఉండాలి, చాలాచోట్ల 19 నిండాలి. క్యూబెక్ అనే రాష్ట్రంలో 21. అంటే మీవాడికి ఆ రాష్ట్రంలో కొట్లో అమ్మరు. ఇక్కడ పేపర్లో చుట్టి ఇచ్చేదాంట్లో ఎంత ఘాటుందో అమ్మేవాడికీ తెలియదు. అమెరికాలో పట్టుబడిన సరుకులో టీహెచ్‌సీ 1995లో సుమారు 4 శాతం, 2014కి 12 శాతం. మన సరుకుకు అలాంటి చీటీ ఏదీ అంటించి రాదు.

చట్టం గురించి రెండు ముక్కలు. 1985 నాటి మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద తాగినా ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. తాగినందుకో, చిన్న మొత్తం దగ్గరున్నందుకో కేసు పడ్డ బానిస, తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు చేరి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. నాకు ఇది తెలియక, డాక్టరుకు చెప్తే పోలీసులకు ఫోన్ వెళ్తుందని భయపడి మూడు వారాలు దాచాను.

మీరు చేయగలిగింది ఏంటంటే, వాడితో ప్రమాదమా కాదా అని వాదించకండి, గెలవలేరు, వాడి దగ్గర ఫోన్ ఉంది. వారానికి ఎన్నిసార్లు, పొద్దున లేవగానే తాగుతున్నాడా, తాగాక ఎవరో చూస్తున్నట్టు, పిలుస్తున్నట్టు అనిపిస్తోందా, ఇవి అడగండి. మీ వంశంలో ఎవరికైనా మానసిక జబ్బు ఉంటే సిగ్గుపడకుండా వాడికి చెప్పండి, అది వాడికి తెలియాలి. 14416 టెలీమానస్, అంటే మానసిక ఆరోగ్యం మీద ప్రభుత్వ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. మానేయడానికి సాయం కావాలంటే 14446.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మాత్రం మీరు లోపలికి వెళ్లొద్దు అక్కా, బయట బెంచీ మీద కూర్చోండి. మా అమ్మ మందుల కోసం కిందికి దిగి వచ్చిన ఆ పది నిమిషాల్లోనే నా జబ్బు పేరు బయటపడింది.