అల్లుడూ, ఆ సీసా కొనే ముందు ఒక్కమాట

అల్లుడూ,

మొన్న రాత్రి నువ్వు పంపిన మెసేజ్ మూడుసార్లు చదివాను. విశాఖలో సెలూన్‌లో కూర్చుంటే పక్క కుర్చీలో ఎవరికో గడ్డం గీసి లోషన్ రాశారనీ, ఆ వాసన తగలగానే గొంతు పట్టేసిందనీ, కటింగ్ అయిపోయినా కాసేపు లేవలేకపోయాననీ రాశావు. చివర్లో "మామయ్యా, నాన్న రాసుకునేది ఏదో నీకు తెలిసే ఉంటుంది, పేరు చెప్పు, ఈ రోజే ఆర్డర్ పెట్టేస్తాను" అన్నావు. పేరు చెప్పడం నిమిషం పని. కానీ ఇక్కడ విజయనగరం గంటస్తంభం దగ్గర ముప్పై ఏళ్లు ఫ్యాన్సీ షాపు పెట్టుకుని సబ్బులు, పౌడర్లు, సెంట్లు అమ్మినవాణ్ణి, పైగా మీ నాన్నకి బావమరిదిని, నాలుగు మాటలు చెప్పకుండా ఊరుకోలేను. తీరిగ్గా చదువు.

అది ఓల్డ్ స్పైస్. ఒరిజినల్ అని ఉంటుందే, ఆ ఆఫ్టర్‌షేవ్ లోషన్. స్ప్రే కాదు, డియోడరెంట్ అసలే కాదు. తెల్లటి పాలగాజు సీసా, దాని మీద తెరచాప ఓడ బొమ్మ. బావ మిలిటరీ నుంచి సెలవు మీద వచ్చినప్పుడల్లా క్యాంటీన్‌లో కొన్నది ఒకటి నల్లట్రంకులో తువ్వాలు చుట్టి తెచ్చేవాడు. ఆమదాలవలసలో బండి దిగి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే మీ పెరట్లో వేపచెట్టు మేకుకి అద్దం తగిలించి, స్టూలు మీద మగ్గుతో నీళ్లు పెట్టుకుని, టోపాజ్ బ్లేడుతో గడ్డం గీసుకుని, ముందు పటిక రుద్దుకునేవాడు. అప్పుడు సీసా తీసి, అడుగున అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, నాలుగు చుక్కలు చేతిలో పోసుకుని, రెండు చేతులూ రుద్ది బుగ్గల మీద చరుచుకుని స్స్ అనేవాడు. నీకు అయిదారేళ్లుంటాయి. పక్కనే మొహం పైకెత్తి నిలబడేవాడివి. చేతులకి మిగిలిన ఆ తడి నీ బుగ్గలకి అద్దేవాడు. నీకు గుర్తుందో లేదో, నేను అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి. సెలూన్‌లో నిన్ను లేవకుండా చేసింది ఆ తడే అని నా నమ్మకం.

ఈ వాసన పుట్టిన కథ కూడా తెలుసుకో. అమెరికాలో షుల్టన్ అనే కంపెనీ దీన్ని 1937లో ముందు ఆడవాళ్ల కోసం తెచ్చి, మరుసటి ఏడు 1938లో మగవాళ్లకి విడిగా తయారు చేసింది. కంపెనీ పెట్టినాయన విలియం లైట్‌ఫుట్ షుల్ట్జ్. ఆయన తల్లి ఇంట్లో ఎండు గులాబీ రేకులూ దినుసులూ కలిపి ఒక పాత్రలో ఉంచేదనీ, ఆ వాసన గుర్తుతోనే దీన్ని చేయించాడనీ చెబుతారు. చూడు మరి, ఒక కొడుకు తల్లి ఇంటి వాసన వెతుక్కుంటూ చేయించిన సీసాలో ఇన్నేళ్లకి నువ్వు నీ తండ్రిని వెతుక్కుంటున్నావు. 1990లో ఆ పేరుని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కొనుక్కుంది. లవంగం, దాల్చినచెక్క, జాజికాయ, పైన కాస్త నారింజ, అడుగున వెనిలా తీపి, అదీ దాని కూర్పు. ఆ దినుసులు మన వంటింట్లోవే, అందుకే మనవాళ్ల ముక్కుకి అది పరాయిదనిపించలేదు. మా షాపులో దానికంటే ఖరీదైనవి నాలుగు వరసలుండేవి. అయినా మిలిటరీ వాళ్లూ, మేష్టర్లూ, కొత్త పెళ్లికొడుకులూ దీన్నే అడిగి పట్టుకెళ్లేవారు. తక్కువ ధరది కదా అని చులకనగా చూడకు. ఇన్నేళ్లు సెంట్లు అమ్మిన చేత్తో రాస్తున్నాను, ఇంత నిలకడైన వాసన ఆ ధరలో ఇంకోటి చూడలేదు.

ఇక అసలు సంగతి. సీసా కొనే ముందు ఒకటి తేల్చుకో, నీకు మీ నాన్న వాసన కావాలా, నీకంటూ ఒక వాసన కావాలా? రెండూ ఒకే సీసాలోంచి రావు.

ఎందుకంటున్నానో విను. మనం చూసేదీ వినేదీ మెదడులో థాలమస్ అనే చోట ఆగి, అక్కణ్ణించి మిగతా భాగాలకి వెళ్తుంది. వాసనకి ఆ మజిలీ లేదు. ముక్కులోంచి దాదాపు నేరుగా ఏడుపూ భయమూ ప్రేమా పుట్టే చోటికీ, జ్ఞాపకాలు దాచే చోటికీ పోతుంది. అందుకే పేరు గుర్తు రాకముందే కళ్లు తడుస్తాయి. వాసనల్ని ముక్కు ఎలా పట్టుకుంటుందో కనిపెట్టినందుకే 2004లో రిచర్డ్ యాక్సెల్, లిండా బక్ అనే ఇద్దరికి నోబెల్ ఇచ్చారు. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు ఉన్నాయట, వాటి కలయికలతోనే ఇన్ని వేల వాసనల్ని గుర్తుపడుతున్నాం. అయితే ఇదే ముక్కుకి ఇంకో గుణం కూడా ఉంది. రోజూ తగిలే వాసనని అది పట్టించుకోవడం మానేస్తుంది. పాత జ్ఞాపకం మీద కొత్త రోజులు వచ్చి పడతాయి.

ఇది నాకు అనుభవం. మా నాన్న, అంటే మీ తాతయ్య, నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవాడు. ఆయన దగ్గరికెళ్తే గోగునార వాసన, దానికి పట్టే నూనె వాసన, కలిసి కొట్టేవి. చిన్నప్పుడు నాకు నచ్చేది కాదు. ఆయన పోయాక ఆయన తుండుగుడ్డ ఒకటి ఉతకకుండా దాచుకున్నాను. దాచుకున్నవాణ్ణి ఊరుకోవచ్చు కదా, రాత్రిళ్లు తలకింద పెట్టుకుని పడుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి దాంట్లో నా తల కొబ్బరినూనె తప్ప ఇంకేమీ లేదు. గుడ్డ అలాగే ఉంది, నాన్న లేడు. ఇప్పటికీ నెల్లిమర్ల వైపు వెళ్తే బస్సు కిటికీ తీసి కూర్చుంటాను.

అందుకే మీ నాన్న లోషన్‌ని రోజూ ఆఫీసుకి రాసుకోవద్దు. రెండు నెలల్లో అది నీకు ట్రాఫిక్ వాసన, మీటింగుల టెన్షన్ వాసన అయిపోతుంది, బావ అందులో దొరకడు. ఒక చిన్న సీసా కొని బీరువాలో పెట్టుకో, రెండు మూడు వందల్లో వస్తుంది. ఏడాదిలో నాలుగైదు రోజులు చాలు. ఆయన తద్దినం, పైడితల్లమ్మ పండగ, నీ బిడ్డ పుట్టినరోజు, నీ ఇష్టం. మూత గట్టిగా బిగించు, లేకపోతే అందులో ఆల్కహాల్ ఎగిరిపోతుంది. బాత్రూంలో పెట్టొద్దు, కిటికీలో అసలు వద్దు, ఎండా వేడీ ఆవిరీ వాసనని పాడుచేస్తాయి. అట్టపెట్టెలోనే ఉండనీ. బావ వేసుకున్న మఫ్లరో స్వెట్టరో ఉతకనిది ఇంకా ఉంటే మూత బిగుసుకునే గాజు సీసాలో పెట్టు. ఊరికే తెరిచి చూసుకోకు, తెరిచినప్పుడల్లా కొంత పోతుంది.

కొనేటప్పుడు జాగ్రత్త. సంతల్లో, ఫుట్‌పాత్ మీద సగం ధరకిస్తానంటే తీసుకోకు. ఒకసారి ఒక హోల్‌సేల్ వ్యాపారి నాకు డూప్లికేట్ సరుకు అంటగట్టాడు. పెట్టె, సీసా, బొమ్మ అన్నీ అచ్చు అలాగే ఉన్నాయి. ఒక కుర్రాడు పెళ్లికి వారం ముందు రాసుకుంటే బుగ్గలు రెండూ ఎర్రగా దద్దుర్లు లేచాయి. అతని డబ్బులిచ్చేసి, మిగతా సరుకంతా పెంటకుప్ప మీద పారబోశాను. సీలు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎమ్మార్పీ చూసుకో. అక్షరాలు గోరుతో గీకితే ఊడి వస్తుంటే వదిలేయ్.

ఇక నీ వాసన సంగతి. నీకు ముప్పై దాటాయి, చిన్నది నీ మెడ పట్టుకుని పడుకునే వయసులో ఉంది. ఇంకో ముప్పై ఏళ్లకి అది ఎక్కడో నిలబడి ఒక వాసనకి ఆగిపోవాలంటే, ఇప్పుడు నువ్వు నెలకోటి మార్చకూడదు. ఒకటి పట్టుకుని ఏళ్లు వాడాలి. దానికి వేలు పొయ్యక్కర్లేదు. బ్రూట్ ఉంది, 1964లో వచ్చింది, పచ్చసీసా, లావెండర్‌తో మొదలై కాసేపటికి పౌడరులా మెత్తబడుతుంది. 4711 అని జర్మనీలో కొలోన్ ఊరిది ఒకటి, 1792 నుంచీ ఉంది, నిమ్మ నారింజ వాసన, కొంచెం ఖరీదు. మన ఉక్కపోతలో హాయిగా ఉంటుంది కానీ గంట దాటి నిలవదు. నన్నడిగితే మాత్రం నువ్వు ఒకసారి మొగలి అత్తరు చూడాలి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాలో గంజాం జిల్లాయే కదా, మొగలికి దేశంలోనే పేరున్న చోటు. మొగలిలో పరిమళం మగపువ్వుదే. పెద్ద రాగి పాత్రల్లో నీళ్లతో పాటు మరిగించి, ఆ ఆవిరిని పట్టి అత్తరు తీస్తారు. మా అమ్మ పట్టుచీరల మడతల్లో మొగలి రేకులు పెట్టేది, పెట్టె తీస్తే వీధి గుమ్మం దాకా వచ్చేది. చెవి వెనక అగ్గిపుల్ల తలంత రాసుకుంటే సాయంత్రం దాకా ఉంటుంది. అంతకు మించితే పక్కవాళ్లకి తలనొప్పి.

ఏది కొన్నా షాపులో అట్టముక్క మీద చూసి నిర్ణయించుకోకు. మణికట్టు మీద వేసుకుని బయటికొచ్చి టీ తాగి, అరగంటయ్యాక చూడు. మొదటి పది నిమిషాల వాసన అమ్మకానికి, తర్వాతది నీకు. ఒక్కరోజులో మూడింటికి మించి చూడకు, ముక్కు మొద్దుబారుతుంది. ఆఫ్టర్‌షేవ్‌లో సుగంధం నూటికి రెండు మూడు పాళ్లు మించదు, గంటా రెండు గంటలు ఉండి పోతుంది. రోజంతా కావాలంటే అదే వాసనలో కొలోన్ అనే పలచటి సెంటో, ఇంకాస్త చిక్కటిదో తీసుకోవాలి. స్నానం చేసి తుడుచుకున్నాక ఒంటి చెమ్మ ఆరకముందే రాసుకుంటే ఎక్కువసేపు పట్టుకుంటుంది. బట్టల మీద వేయకు, ముఖ్యంగా ఆ పొందూరు ఖద్దరు చొక్కా మీద, మరక పడితే పోదు. కాసేపటికి నీకే వాసన తెలియట్లేదని మళ్లీ పూసుకోకు. నీ ముక్కు అలవాటు పడింది అంతే, ఎదుటివాళ్లకి తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు నేను ఈ ఉత్తరం ఎందుకు మొదలెట్టానో అది చెబుతాను. కిందటి సంక్రాంతికి మీ ఇంటికొచ్చినప్పుడు, బ్యాంకు పుస్తకం కావాలని మా అప్ప, అంటే మీ అమ్మ, నల్లట్రంకు తీసింది. నేను తలుపు దగ్గర ఉన్నాను, తనకి కనబడను. మూత పైకెత్తగానే ఆ వాసన నా దాకా వచ్చింది. తువ్వాలులో చుట్టి మూలకి పెట్టి ఉంది సీసా, బావ ఆఖరుసారి వాడింది, అడుగున రెండు వేళ్ల మందం మిగిలినట్టుంది. అప్ప పుస్తకం తీసుకోలేదు. మూత అంచు మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. తర్వాత తువ్వాలు కొస కొంచెం సర్ది, ట్రంకు మూసేసి, పుస్తకం మర్చిపోయి లేచి వచ్చేసింది. నేనూ అడగలేదు.

కాబట్టి అల్లుడూ, ఆ సీసా ఆర్డర్ పెట్టి, రాసుకుని, ఆదివారం పొద్దున్న మీ అమ్మ ముందుకి వెళ్లి నిలబడకు. నీ వయసులో మీ నాన్న గొంతు, నడక నీకు అలాగే వచ్చాయి. వంటింట్లో ఉన్న మనిషికి వెనకనుంచి ఆ వాసన వస్తే తట్టుకోవడం ఎవరి తరం. ముందు ఫోన్ చెయ్యి. సెలూన్‌లో జరిగింది జరిగినట్టు చెప్పు, నాకు రాసినట్టే చెప్పు. ట్రంకు మాట నువ్వు ఎత్తకు, తనంతట తాను చెబితే విను. నాన్నది ఒకటి కొనుక్కోనా అమ్మా అని అడుగు. వద్దంటే కొన్నాళ్లు ఆగు. కొనుక్కోమంటే, కొన్నాక మొదటిసారి మూత తనచేత తీయించు.

ఏమందో నాకు రాత్రికి ఫోన్ చేసి చెప్పు. ఎంత లేటైనా పరవాలేదు, మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య
విజయనగరం