తాత్కాలిక చట్టానికి తేదీ ఉందా?
పాఠకుల ప్రశ్నలు, న్యాయవాది జవాబులు

ప్రశ్న: తప్పు చేయనివాడికి భయమెందుకు? విచారణ లేకుండా కొన్నాళ్లు నిర్బంధించే అధికారం పోలీసులకు ఉంటే మంచివాళ్లకు పోయేదేమిటి? మీ జవాబులు చదువుతుంటే నేరస్థుల పక్షం వహిస్తున్నట్టు అనిపిస్తోంది.
- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, వృత్తిలోకి వచ్చిన మూడో ఏట ఒక కుర్రవాడి కోసం హెబియస్ కార్పస్ పిటిషన్ వేశాను, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరాను. నిర్బంధానికి కారణాలు రాసిన కాగితం చేతికి వచ్చాక చూస్తే అందులో తండ్రి పేరు వేరు, ఊరు వేరు. పట్టుకున్నది ఒకరిని, రాసింది మరొకరిని. ఆ సంగతి నిర్బంధంలోకి వెళ్లిన మొదటి రోజే అతనికి తెలుసు. చెప్పుకోవడానికి ఎదురుగా ఒక న్యాయమూర్తి లేడు, అంతే. కాగితం కోర్టు ముందుకు వచ్చేసరికి నలభై ఏడు రోజులు గడిచాయి. వాళ్ల అమ్మ ప్రతిరోజూ మా గుమ్మం దగ్గర కూర్చుని, ‘మావాడు మంచివాడని ఎవరికి చెప్పాలమ్మా?’ అని అడిగేది.

మీ ప్రశ్నకు నా జవాబు ఆవిడ ప్రశ్నలోనే ఉంది. మంచివాడో కాడో తేలవలసింది విచారణలోనే. విచారణ తీసేస్తే మంచివాడికీ చెడ్డవాడికీ తేడా చూపించే చోటే ఉండదు. విచారణ జరిగినా పొరపాట్లు జరుగుతాయి. 1974లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన బాంబు పేలుళ్ల కేసులో శిక్ష పడిన ఆరుగురు 16 ఏళ్లు జైల్లో ఉన్నారు. 1991లో అప్పీలు కోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. అప్పీలు అన్న దారి ఉండబట్టి ఆలస్యంగానైనా బయటపడ్డారు. నేను అడుగుతున్నది ఆ దారి మూసేయవద్దనే. నేరస్థుణ్ణి వదిలిపెట్టమని ఎన్నడూ అడగలేదు.

ప్రశ్న: కాలేజీ చర్చా పోటీలో ప్రత్యర్థి, ‘దేశానికి ఆపద వచ్చినప్పుడు హక్కులు కొంత వదులుకోక తప్పదు’ అంది. నేను నోరు మెదపలేకపోయాను. మీరైతే ఏమనేవారు?
- డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని

జవాబు: ఆపద అబద్ధమని మాత్రం వాదించకమ్మా. నేను పైన చెప్పిన బర్మింగ్‌హామ్ పేలుళ్లలో 21 మంది చనిపోయారు. ఆ కన్నీళ్లు నిజం, ప్రజల కోపం న్యాయం. కానీ ఆ కోపంలోనే, బిల్లు పెట్టిన రెండు రోజుల్లో బ్రిటిష్ పార్లమెంటు ఉగ్రవాద నిరోధక చట్టాన్ని ఆమోదించింది. ‘తాత్కాలిక నిబంధనలు’ అన్న మాట ఆ చట్టం పేరులోనే ఉంది. అభియోగం మోపకుండా ఏడు రోజుల వరకూ నిర్బంధించడానికి అది వీలిచ్చింది. ఆ తాత్కాలికం పొడిగింపుల మీద పొడిగింపులతో పాతికేళ్లు నడిచింది. చివరికి 2000లో దాని స్థానంలో వచ్చినది శాశ్వత చట్టం! ఫ్రాన్స్‌లోనూ 2015 నవంబరులో విధించిన అత్యవసర పరిస్థితి రెండేళ్లు సాగింది. దాన్ని ఎత్తివేసే ముందు అందులోని అధికారాలు కొన్నింటిని మామూలు చట్టంలోకి చేర్చారు.

కాబట్టి నీ ప్రత్యర్థిని ‘ఎన్నాళ్లు?’ అని అడుగు. తేదీ చెప్పగలిగితే అప్పుడు మాట్లాడుకోవచ్చు. తేదీ ఉంటే ఎంత మేలో కూడా అదే బ్రిటన్ చూపించింది. 2005లో అభియోగం లేని నిర్బంధాన్ని 90 రోజులకు పెంచాలని ప్రభుత్వం అడిగితే సభ ఒప్పుకోలేదు, 28 రోజులకే పరిమితం చేసింది. ఆ గడువును ఏటా సభ తిరిగి ఆమోదించాల్సి ఉండేది. 2011లో ఆమోదం కోరకుండా వదిలేశారు. గడువు తిరిగి 14 రోజులకు దిగింది.

ఆ తరువాత, ‘ప్రశ్నించేది ఎవరు?’ అని అడుగు. మన దేశంలో అత్యవసర పరిస్థితి నాటి జబల్పూర్ కేసు వాదనలను నేను విద్యార్థినిగా చదివాను. విచారణ లేకుండా నిర్బంధించినవారు కోర్టుకు వెళ్లవచ్చా అన్నదే అందులో సుప్రీంకోర్టు ముందున్న ప్రశ్న. పోలీసు ఒకరిని వ్యక్తిగత పగతో చంపినా కోర్టుకు వెళ్లే దారి లేదా అని జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా అడిగారు. అత్యవసర పరిస్థితి ఉన్నంతకాలం లేదని ప్రభుత్వ న్యాయవాది ఒప్పుకున్నారు. ఆ పేజీ చదివి పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చుండిపోయాను. 1976 ఏప్రిల్ 28న అయిదుగురిలో నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు. మరుసటి ఏడాది ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవిని ఆయన కన్నా జూనియర్‌కు ఇచ్చారు, ఆయన రాజీనామా చేశారు. ఆ నలుగురి తీర్పును 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తోసిపుచ్చింది. నలభై ఒక్క ఏళ్లు పట్టింది. ఈ ఒక్క కేసును క్షుణ్ణంగా చదివి వెళ్లు, వచ్చే పోటీలో నీ నోరు ఎవరూ మూయించలేరు.

ప్రశ్న: పనుల లెక్కలు చెప్పమని స్థానిక పాలకులను అడుగుతూ మా అబ్బాయి ఫోనులో ఒక పోస్టు పెట్టాడు. పోలీసులు పిలుస్తారని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. తీసేయమని చెప్పమంటారా?
- ఒక తల్లి

జవాబు: మీ భయం నాకు అర్థమైందమ్మా. ముందు ఆ పోస్టు మీరే ఒకసారి చదవండి. ఎవరినైనా కొడతామని బెదిరించినా, తెలియని విషయాన్ని తెలిసినట్టు రాసి ఒకరి మీద నింద వేసినా తప్పక తీసేయమనండి. లెక్కలు అడగడం వరకే అయితే అది పౌరుడిగా అతని హక్కు, తీయనక్కరలేదు. ‘చికాకు’, ‘అసౌకర్యం’ వంటి పట్టులేని మాటలతో ఆన్‌లైన్ రాతలను నేరం చేసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. పాలకులకు చికాకు కలిగింది కనుక నేరం అనడానికి వీలులేదు.

పిలుపు నిజంగా వస్తే నోటిమాటతో వెళ్లనివ్వకండి, నోటీసు రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఒంటరిగా పంపకండి, వెంట ఒక న్యాయవాది ఉండాలి. ఎన్ని గంటలకు వెళ్లాడో, ఎప్పుడు వచ్చాడో ఒక కాగితం మీద రాసి ఉంచండి. ఆ పోస్టు నకలు ఒకటి నాకు పంపండి, చదివి వారంలోగా విడిగా జవాబు రాస్తాను.