నాలుగో వంతా, నాలుగో వంతుకా?

సందేహం: "మన దేశంలో శిశు మరణాల రేటు 1971లో 129 శాతం ఉండగా, 2020 నాటికి నాలుగు రెట్లు తగ్గి 28 శాతానికి చేరింది" అని మా అబ్బాయి స్కూలు ప్రాజెక్టులో రాశాడు. ఎక్కడో తేడాగా ఉంది కానీ ఏమిటో చెప్పలేకపోతున్నాను. కాస్త సరిచేస్తారా?

సమాధానం: అంకెలు సరైనవేనండీ, జనన మరణాల మీద కేంద్ర ప్రభుత్వం తీసే శాంపుల్ రిజిస్ట్రేషన్ లెక్కల్లోవే. మాటలే తప్పు, అవీ రెండు.

నూటికి 129 మంది ఎలా చనిపోతారు? శాతం అంటే నూటికి ఇన్ని అని. శిశు మరణాలు వెయ్యికి లెక్క కడతారు, అంటే ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో ఏడాది నిండకముందే ఎంతమంది పోయారు అని. ఆ 28 నిజానికి 2.8 శాతమే. తల్లుల మరణాలైతే లక్షకు చూస్తారు, 2018-20లో అది 97. దాని పక్కన శాతం పెట్టారంటే పురిటికెళ్ళిన తల్లుల్లో ఇంటికి తిరిగొచ్చేది ముగ్గురే! అసలు ఇక్కడ శాతంలాంటి మాటే అక్కర్లేదు, మన కు, కి చాలు. వడ్డీ మాట్లాడుకునేటప్పుడు "నూటికి రెండు రూపాయలు" అంటాం కదా, ఇదీ అలాగే: "వెయ్యికి 28".

ఇక రెట్లు. రెట్టింపు, రెట్టించి అడగడం, ఏది చూసినా ఆ మాట పెరిగే వైపే ఉంటుంది. ఒక రెట్టు తగ్గితేనే ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది, నాలుగు రెట్లు తగ్గేదెక్కడ? తగ్గేదానికి వంతు ఉంది. కానీ దానితో జాగ్రత్త. "నాలుగో వంతు తగ్గింది" అంటే 129లో 32 పోయి 97 మిగిలిందని. "నాలుగో వంతుకు తగ్గింది" అంటే 32కి దిగిందని. ఆ ఒక్క "కు" ఎగిరిపోతే వెయ్యికి 65 మంది పిల్లలు తేడా వస్తారు, హెడ్డింగులో చోటు చాలదని మొదట కోసేదీ దాన్నే.

శాతం, రెట్టు రెండూ చక్కగా కుదిరే చోటు కూడా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఆస్పత్రి కాన్పులు 2005-06లో 38.7 శాతం, 2015-16లో 78.9 శాతం. "రెట్టింపు దాటాయి" అని ధైర్యంగా రాయొచ్చు. "40 శాతం పెరిగాయి" అంటే మాత్రం తప్పే, 38.7కి అందులో 40 శాతం కలిపితే 54 దాటి ఎక్కువ దూరం పోదు. రెండు శాతాల మధ్య తేడా 40, అందుకే పత్రికల్లో "40 శాతం పాయింట్లు" అంటున్నారు, వినడానికి మోటుగా ఉన్నా అదే సరైనది.

ఉల్లిపాయలకీ పసిపిల్లల చావులకీ ఒకటే "రేటు" కావడం నాకు ఇప్పటికీ చివుక్కుమంటుంది, కానీ పాతుకుపోయిన మాట, ఉంచేయండి. మీవాడి చేత ఇలా రాయించండి: "శిశు మరణాల రేటు 1971లో వెయ్యికి 129, 2020లో 28. అంటే నాలుగో వంతు కన్నా కిందికి దిగింది."