చీమకుర్తిలో మీ చెల్లెలి కొడుకు బడి మానేసి ఇనుప తుక్కు ఎత్తుకొస్తున్నాడన్నదానికి

స్టేషన్‌లో ఒకసారి బెదిరిస్తే దారికొస్తాడన్నారు. అక్కడే పొరపాటు. పదమూడేళ్లవాడు, తండ్రి లేడు, తల్లి పొద్దుపోయేదాకా గ్రానైట్ పాలిషింగ్ పనిలో ఉంటుంది. మధ్యలో ఆ పదిగంటలు వాడికి తోడు తుక్కు బ్యాచే. సరిచేయాల్సింది ఆ పదిగంటల్నే.

1. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. లేదా ఒంగోలులో జిల్లా బాలల సంరక్షణ విభాగానికి తల్లినే తీసుకెళ్లండి. కేసుగా కాదు, సంరక్షణ కావలసిన పిల్లవాడని చెప్పండి.

2. మిషన్ వాత్సల్య (పిల్లల సంరక్షణకు కేంద్ర పథకం) స్పాన్సర్‌షిప్ అడగండి. నెలకు 4,000 రూపాయలు. ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, మిగతాచోట్ల 96,000 దాటకూడదు. తండ్రి మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ సిద్ధం చేసుకోండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: ముందు బళ్లో పేరు ఎక్కించాలి. డబ్బొచ్చాక చేర్పిద్దామంటే దరఖాస్తు ముందుకు కదలదు, చేర్చాక హాజరు తప్పితే సాయమే ఆగిపోవచ్చు. టీసీ లేదని హెడ్మాస్టరు తిప్పి పంపితే విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 చూపించండి. టీసీ ఆలస్యం చేర్చుకోకపోవడానికి కారణం కాదు. వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టాలి, చిన్నపిల్లల మధ్య కాదు. అలా కూర్చోబెడితే వారంలో మళ్లీ తుక్కు యార్డు దగ్గరే ఉంటాడు.

4. సాయంత్రం తల్లి వచ్చేదాకా ట్యూషనో, కబడ్డీయో, ఏదో ఒకటి.

ఈలోగా పోలీసులు పట్టుకుంటే లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో బాలల న్యాయమండలి ముందుంచాలి.