టెక్ సందేహాలు: మార్కా పడుతోంది, లారీ మారట్లేదు

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో మాది మిర్చి కమీషన్ ఆఫీసు. రెండు ఫైబర్ లైన్లున్నాయి. ఒకటి బిల్లింగ్‌కి, రెండోది కెమెరాల రికార్డర్‌కి. మధ్యలో పాత కంప్యూటర్ ఒకటి ఉబుంటు సర్వర్ (ఒక రకం లినక్స్)తో గేట్‌వేగా, అంటే ట్రాఫిక్ అంతా బయటికి పోయే ద్వారంగా నడుస్తోంది. రికార్డర్ ప్యాకెట్లకి ఫైర్‌వాల్‌లో 10 అని మార్క్ వేసి రెండో లైనుకి మళ్లించాం. ఉబుంటుని 20.04 నుంచి 22.04కి అప్‌గ్రేడ్ చేశాక అన్నీ మొదటి లైన్లోనే పోతున్నాయి. మార్క్ పక్కన ప్యాకెట్ల లెక్క మాత్రం పెరుగుతూనే ఉంది. స్క్రిప్ట్ మళ్లీ నడిపితే బాగవుతుంది, కొన్నాళ్లకి పొద్దున్నే వచ్చి చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. పైగా మేం 10 అని ఇస్తే లిస్టులో ‘జీరో ఎక్స్ ఏ’ అని కనిపిస్తోంది. ఎవరైనా లోపలికి దూరారంటారా?

జవాబు: ఎవరూ దూరలేదండీ. మార్కులని ఆ లిస్టు పదహారు గుర్తులతో లెక్కపెట్టే (హెక్సాడెసిమల్) పద్ధతిలో చూపిస్తుంది, అందులో పదికి గుర్తు ‘ఏ’. అప్‌గ్రేడ్‌కి ముందూ అలాగే ఉండుంటుంది, మీరు చూసి ఉండరు.

ఇక అసలు సంగతి. యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) మీద మార్కా వేసినంత మాత్రాన సరుకు లారీ ఎక్కదు కదా. ఏ మార్కా ఏ లారీకో గుమస్తా దగ్గర చీటీ ఉండాలి. ఫైర్‌వాల్ వేసేది మార్కా వరకే. చీటీ, అంటే రూల్, వేరే చోట ఉంటుంది, దాన్ని చూడాలంటే ‘ఐపీ రూల్ షో’ అని కొట్టాలి. లైను చెడిన రోజు పొద్దున ఆ కమాండ్ కొట్టి చూడండి. 0, 32766, 32767 నంబర్ల వరుసలు మూడే కనిపిస్తాయని నా అంచనా. మీరు పెట్టిన నాలుగో వరుస పోయి ఉంటుంది. చీటీ లేనప్పుడు హమాలీ ఏం చేస్తాడు? రోజూ వెళ్లే లారీలోనే వేస్తాడు.

ఎవరు చించారంటే, మీ ఉత్తరంలోని ‘పొద్దున్నే’ అన్న మాటే నన్ను పట్టుకుంది. ఉబుంటులో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఎక్కించే టైమర్ మామూలుగా ఉదయం 6కీ 7కీ మధ్య ఎప్పుడో ఒకప్పుడు మోగుతుంది. ఆ అప్‌డేట్లలో సిస్టమ్‌డీ (సర్వీసులని నడిపే ప్రోగ్రామ్) కూడా ఉన్న రోజున, అందులో నెట్‌వర్క్ పని చూసే నెట్‌వర్క్‌డీ సర్వీసు మళ్లీ మొదలవుతుంది. 22.04లో వచ్చే 249 వెర్షన్ నెట్‌వర్క్‌డీ లేస్తూనే ఇల్లు ఊడుస్తుంది. తన ఫైళ్లలో రాసిలేని రూల్స్‌ని పరాయివనుకుని తీసేస్తుంది. మీ స్క్రిప్ట్ పెట్టిన రూల్ దాని లెక్కలో పరాయిదే. ఫైర్‌వాల్ జోలికి అది పోదు కాబట్టి మార్క్ లెక్క మాత్రం హాయిగా పెరుగుతూ ఉంటుంది. మిమ్మల్ని తికమక పెట్టింది అదే.

ఊడ్చొద్దని చెప్పే వీలుంది. ఈటీసీలోని సిస్టమ్‌డీ ఫోల్డర్లో నెట్‌వర్క్‌డీ డాట్ కాన్ఫ్ తెరిచి, నెట్‌వర్క్ విభాగం కింద ‘మేనేజ్ ఫారిన్ రౌటింగ్ పాలసీ రూల్స్’ అని మధ్యలో ఖాళీల్లేకుండా, ప్రతి మాటా పెద్దక్షరంతో మొదలుపెట్టి రాసి, ఈక్వల్ టు నో అనండి. ‘మేనేజ్ ఫారిన్ రూట్స్’కీ అదే చేయండి, లేకపోతే రెండో లైను రూటు కూడా ఊడ్చుకుపోవచ్చు.

నేనైతే ఆ దారి పట్టను. మీరు మళ్లించేది ఒక్క రికార్డర్‌నే. దానికి స్థిరమైన ఐపీ ఉంటే అసలు మార్కే అక్కర్లేదు. నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు రాసే చోటు) ఫైల్లో రెండో లైను కింద ‘రౌటింగ్ పాలసీ’ అని పెట్టి, ‘ఫ్రమ్’ దగ్గర రికార్డర్ ఐపీ, ‘టేబుల్’ దగ్గర 100 రాయండి. ఆ 100 అన్నది విడిగా ఉండే రూట్ల పట్టిక నంబరు, దానికి రెండో లైను గేట్‌వేతో డిఫాల్ట్ రూటు ఇవ్వండి. నెట్‌వర్క్‌డీకి అది సొంత బిడ్డే అవుతుంది, తీయదు. ఒకే మెషీన్ నుంచి వచ్చేవాటిని పోర్టుల వారీగా విడగొట్టాలంటేనే మార్క్ కావాలి. అప్పుడు కూడా నెట్‌ప్లాన్లో ఉత్త మార్క్ రాస్తే ఒప్పుకోదు, ‘ఫ్రమ్’ గానీ ‘టు’ గానీ ఉండాల్సిందే. మార్చాక ‘నెట్‌ప్లాన్ ట్రై’ కొట్టండి. 120 సెకన్లలో మీరు ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగే తిరిగొస్తుంది. ఏదైనా సరే సీజన్లో పగటిపూట ముట్టుకోకండి.

ఇంత చేసినా ప్యాకెట్ రెండో లైన్లో వెళ్లి జవాబు రాకపోతే ‘ఆర్‌పీ ఫిల్టర్’ చూడండి. ఈ దారిన వచ్చిన జవాబు ఈ దారినే రావాలా అని కెర్నల్ చేసే తనిఖీ అది. విలువ 1 అయితే కచ్చితంగా ఉంటుంది, అనుమానం వస్తే చప్పుడు చేయకుండా పారేస్తుంది. 2 అయితే కాస్త ఉదారం, మీకు అదే కావాలి. ‘ఆల్’ దగ్గరున్న విలువ, ఆ నెట్‌వర్క్ కార్డుకున్న విలువ, రెండింట్లో పెద్దదే చెల్లుతుంది. ‘ఆల్’ని 0 చేశాం కదా అని నిశ్చింతగా ఉండే వాళ్లని చాలామందిని చూశాను.

ఇంకోటి, గేట్‌వే మీద కూర్చుని పింగ్ కొట్టి పరీక్షించకండి. అక్కడ పుట్టిన ప్యాకెట్ ప్రీరౌటింగ్ (బయటి నుంచి వచ్చే ప్యాకెట్లని ఫైర్‌వాల్ మొదట చూసే చోటు) గుండా పోదు, మీ మార్కు దానికి పడదు. మార్కుతోనే ఉంటే ‘ఐపీ రూట్ గెట్ 8.8.8.8 మార్క్ 10’ అని అడగండి, ఏ కార్డు నుంచి పోతుందో చెబుతుంది.

ప్రశ్న: విజయవాడ పటమట. ఇంట్లో లినక్స్ పీసీలో కొన్ని ప్యాకెట్లకి మార్క్ వేసి రెండో రౌటర్ మీదుగా పంపుతున్నాను. కొత్త సిస్టమ్ వేశాక వైర్‌గార్డ్ వీపీఎన్ ఆన్ చేస్తే అవన్నీ వీపీఎన్‌లోకే పోతున్నాయి.

జవాబు: మీ రూలుకి నంబరు ఇచ్చి ఉండరు. నంబరు లేకుండా పెట్టిన రూలు, అంతకుముందు పెట్టినదాని కంటే చిన్న నంబరు తీసుకుని క్యూలో ముందుకెళ్లి నిలబడుతుంది. మొత్తం ట్రాఫిక్‌ని వీపీఎన్‌కి ఇచ్చినప్పుడు డబ్ల్యూజీ-క్విక్ (వైర్‌గార్డ్‌ని ఆన్ చేసే కమాండ్) వేసే రూలు ఏమిటంటే, 51820 మార్కు లేని ప్రతిదాన్నీ వీపీఎన్ టన్నెల్లోకి పంపు అని. అది మీ తర్వాత వచ్చి మీ ముందు నిలబడింది. మీ రూలు పెట్టేటప్పుడు ‘ప్రయారిటీ 100’ అని చేర్చండి, చిన్న నంబరే ముందు. అలాగే ఫైర్‌వాల్ అవుట్‌పుట్‌లో (పీసీలోనే పుట్టి బయటికెళ్లే ప్యాకెట్లని చూసే చోటు) మార్క్ వేసే చోట, ఇప్పటికే 51820 ఉన్న ప్యాకెట్లని వదిలేయమని రాయండి. అవి టన్నెల్ సొంత ప్యాకెట్లు, వాటి మీద మీ మార్కు రుద్దితే అవి కూడా రెండో రౌటర్ మీదుగా పోతాయి.