బంతి దెబ్బకి కంట్లో శుక్లం, ఆపరేషన్ ఇప్పుడేనా?

గాజువాక గ్రౌండ్‌లో కార్క్ బంతి తగిలి మీ తమ్ముడికి శుక్లం వచ్చిందనీ, ఒక డాక్టరు వెంటనే ఆపరేషన్ అంటే ఇంకొకరు ఆగమన్నారనీ రాశారు. కంగారు పడకండి అండీ, ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చు.

కనుగుడ్డు చిట్లితే వెంటనే కుట్లు వేయించాల్సిందే, అందులో ఆలోచనే లేదు. చిట్లలేదని తేలితే మాత్రం సాధారణంగా లోపలి వాపు మందులతో తగ్గాకే శుక్లం తీస్తారు. నన్నడిగితే అదే మేలు. కానీ లెన్సు పొర పగిలి లోపలి పదార్థం బయటికొస్తున్నా, కంటి ప్రెషర్ మందులకి దిగకపోయినా ఆగకూడదు. అందుకే ప్రెషర్ ఎంతుంది, లెన్సును పట్టి ఉంచే సన్నటి దారాలు తెగాయా, రెటీనా (కంటి వెనక ఉండే చూపు పొర) ఎలా ఉంది అని గట్టిగా అడగండి. శుక్లం అడ్డొచ్చి రెటీనా కనబడకపోతే మూసిన రెప్ప మీద జెల్ రాసి బి-స్కాన్ అనే అల్ట్రాసౌండ్ తీస్తారు, నొప్పేమీ ఉండదు. రెటీనా దెబ్బతిని ఉంటే ఆపరేషన్ బాగా జరిగినా చూపు పూర్తిగా రాకపోవచ్చు. పాపం కుర్రాడికి ఆ సంగతి ముందే చెప్పాలి.

రిపోర్టులన్నీ పట్టుకుని విశాఖ హనుమంతవాకలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇంకోసారి చూపించండి. ఈలోగా మెరుపులు, కొత్తగా నల్లచుక్కలు, తెర దిగినట్టు ఉంటే అర్ధరాత్రైనా బయల్దేరండి. మందుల షాపులో అడిగి చుక్కలు వేయకండి, స్టెరాయిడ్ ఐతే ప్రెషర్ పెరగొచ్చు.